చెప్పాం కదా!

2014 అక్టోబరు 11, శనివారం రాత్రి. హైదరాబాదులో నా గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని వాతావరణ శాఖ వెబ్‌సైటు పదే పదే రిఫ్రెష్ చేస్తున్నాను. అరగంటకో కొత్త బొమ్మ వస్తోంది. బంగాళాఖాతంలో ఒక తెల్లటి సుడి, దాని నడుమ నల్లటి చుక్క. ప్రతి బొమ్మకీ ఆ చుక్క కొంచెం కొంచెంగా వాయవ్యానికి జరుగుతోంది. దాని దారిని అలాగే పొడిగించుకుంటూ పోతే విశాఖపట్నం తగులుతుంది. అక్కణ్ణుంచి ఇంకో ముప్ఫై అయిదు కిలోమీటర్లు పడమరకి జరిగితే మా అనకాపల్లి.

ఆ బొమ్మలు తీస్తున్నది ఇన్సాట్-3డి. అంతకు ముందు ఏడాది జులైలో పైకెళ్ళింది. 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకి దాదాపు ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున నిలబడి ఉండేది. అనకాపల్లి ఉన్నది 83 డిగ్రీల మీద. అంటే మా ఊరి పొలిమేరలో నిలబడి నేరుగా దక్షిణానికి తిరిగి తలెత్తితే, కంటికి కనపడదు గానీ, అది ఉండేది దాదాపు ఎదురుగానే. ఆ రాత్రి అది మా ఊరిని చూస్తోంది, అది చూసింది నేను చూస్తున్నాను. ఇంత సులువుగా ఇంత పెద్ద విషయం నాకు తెలిసిపోతున్నందుకు, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

నాన్నకి ఫోన్ చేశాను. "రేపు మధ్యాహ్నం తీరం దాటుతుందంట నాన్నా. బయటికెళ్ళకండి. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి. నీళ్ళు పట్టి పెట్టుకోండి. బండి లోపల పెట్టెయ్."

"సరేరా. టీవీలో చెప్తూనే ఉన్నారు."

అయిపోయింది. నా పని నేను చేశానన్న తృప్తితో పడుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటింది. ఆ గాలికి కైలాసగిరి మీది వాతావరణ రాడార్ కూడా దెబ్బతింది. సెల్ టవర్లు పడిపోయాయి. మూడు రోజుల దాకా ఇంట్లోవాళ్ళ గొంతు వినలేదు. బుధవారం సాయంత్రం లైను కలిసింది. అందరూ బాగున్నారు. ఇల్లు బాగుంది. కొబ్బరి చెట్లు పోయాయి, చెరుకు మొత్తం నేలకి పడిపోయింది. అన్నీ చెప్పి, ఆఖర్న నాన్న అన్నాడు: "మన బెల్లం పాకలో ఉండే ముసలాయన మీద గోడ పడిందిరా. తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాడు."

మా పొలంలో బెల్లం వండే పాక ఒకటుంది. చెరుకు ఆడే కాలంలో పదిమంది పని చేస్తారు అక్కడ. మిగతా రోజుల్లో ఆయనా, ఆయన భార్యా కాపలాగా అక్కడే ఉంటారు. నా చిన్నప్పుడు పెనం అంచున వేడి వేడి పాకం ఆకులో పోసి ఇచ్చేవాడు. ఆయన్ని నేను మావా అని పిలుస్తాను. ఆ శనివారం రాత్రి నాన్నతో మాట్లాడిన నాలుగు నిమిషాల్లో బండి గుర్తొచ్చింది నాకు. ఆయన గుర్తు రాలేదు.

దీపావళికి వెళ్ళినప్పుడు చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు. ఏం మాట్లాడాలో తెలీక, తుఫాను ముందే ఎలా కనపడిందో, అరగంటకో బొమ్మ ఎలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే నీకు ముందే తెలుసేటి బాబూ?"

"తెలుసు మావా. రెండు మూడు రోజుల ముందు నుంచే. అందరికీ చెప్పారు కదా, టీవీలో, పేపర్లో."

"నాకెవులు సెప్పినారు బాబూ?"

నిష్ఠూరంగా అనలేదు. ఎవరైనా చెప్పారేమో, తను మర్చిపోయాడేమో అని గుర్తు చేసుకుంటున్నట్టు అడిగాడు. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దానికి జవాబు వెతుక్కునే ప్రయత్నం.

*

మొదట ఆ ఉపగ్రహం గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే నా ప్రశ్నకి మూలం దాని నిర్మాణంలోనే ఉందనిపిస్తుంది.

ఇన్సాట్ అనేది మొదట్నుంచీ ఉమ్మడి కాపురం. అంతరిక్ష శాఖ, టెలికాం శాఖ, వాతావరణ శాఖ, ఆకాశవాణి, దూరదర్శన్: ఇంతమందికీ కలిపి ఒకే ఉపగ్రహం. టెలిఫోన్ల కోసం, దూర ప్రాంతాల సమాచారం కోసం పన్నెండు సి-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు. టీవీ, రేడియో ప్రసారాల కోసం శక్తిమంతమైన ఎస్-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు రెండు. మేఘాల్ని పగలూ రాత్రీ చూడ్డానికి ఒక రేడియోమీటరు, అంటే కన్ను. ఎక్కడో కొండల మీదా, సముద్రంలోనూ మనిషి లేకుండా పనిచేసే వాతావరణ పరికరాల లెక్కల్ని అందుకోడానికి ఒక రిలే. ఇన్ని రకాల పనుల్ని స్థిర కక్ష్యలో ఒకే ఒంటి మీద మోపిన ఉపగ్రహం అప్పటికి ప్రపంచంలో మరొకటి లేదు.

నా వృత్తిలో దీన్ని తప్పంటారు. ఒక మాడ్యూలు ఒకే పని చెయ్యాలని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. రెండు పనులు ఒకేచోట పెడితే ఒకదాని జబ్బు రెండోదానికి అంటుకుంటుంది. ఇన్సాట్‌లో అదే జరిగింది. ఆ కంటికి పరారుణ కాంతిలో చూడాలంటే విపరీతమైన చలి కావాలి. ఆ చలి కోసం దాని కూలర్ ఎప్పుడూ ఉత్తరం వైపు ఖాళీ అంతరిక్షంలోకి చూస్తూ ఉండాలి. అటువైపు సౌరఫలకం పెడితే దాని వేడి కంటికి తగులుతుంది. కాబట్టి ఫలకాలన్నీ దక్షిణం వైపే పెట్టారు. అప్పుడింకో చిక్కు. సూర్యకాంతికి కూడా, ఎంత కొంచెమైనా, తోసే బలం ఉంటుంది. ఫలకం ఒకవైపే ఉంటే ఆ తోపుకి ఉపగ్రహం మెల్లగా తిరిగిపోతుంది. దాన్ని సరిపెట్టడానికి ఉత్తరం వైపు ఒక పొడుగాటి కర్ర కట్టి, దాని చివర ఒక తెరచాప పెట్టారు. కరెంటు పుట్టించదు, ఏ సంకేతాన్నీ మొయ్యదు. తూకానికి మాత్రమే. చూడాలన్న ఒక్క కోరిక కోసం ఒళ్ళంతా వంకరగా కట్టుకోవాల్సి వచ్చింది.

1982 ఏప్రిల్ 10న వెళ్ళిన ఇన్సాట్-1ఎలో ఆ తెరచాప విచ్చుకోలేదు. తూకం కోసం ఇంధనం తగలేస్తూ వచ్చారు. సెప్టెంబరు మొదట్లో అది దిక్కు తప్పింది, ఉన్న ఇంధనం అయిపోయింది. ఏడేళ్ళు బతకాల్సింది అయిదు నెలలకే పోయింది. దాంతోపాటే టెలిఫోనూ, టీవీ, వాతావరణం అన్నీ ఒకేసారి పోయాయి. మా పాఠ్యపుస్తకం చెప్పిన ప్రమాదం అక్షరాలా అదే.

తర్వాతి ఏడాది ఆగస్టు 30న ఛాలెంజర్ షటిల్‌లో ఇన్సాట్-1బి వెళ్ళింది. అమెరికన్ షటిల్ మొట్టమొదటిసారి రాత్రిపూట ఎగిరింది ఆ రోజే, అదీ మన ఉపగ్రహం కోసమే. దాని సౌరఫలకం కూడా మొదట మొరాయించింది. సెప్టెంబరు మధ్యకి గానీ పూర్తిగా విచ్చుకోలేదు. తర్వాత అది అనుకున్న కాలమంతా పనిచేసింది. ఎనభైల్లో పెరిగిన ప్రతి తెలుగు ఇంటికీ దాని పుణ్యమే దూరదర్శన్. ఊరంతా ఒక ఇంట్లో చేరి ఆదివారం రామాయణం చూశారని మా అమ్మ చెప్పే కథల్లో, పైన కనపడకుండా ఉన్న పాత్ర అదే.

వ్యాసానికి నాకు కావాల్సిన ముక్క ఇక్కడుంది. చూసే కన్నూ, చెప్పే నోరూ ఒకే శరీరంలో ఉన్నాయి. అది సాంకేతికంగా అనవసరం కావచ్చు. డబ్బు లేక, రాకెట్లు లేక అలా చేసి ఉండొచ్చు. తర్వాత తర్వాత ఆ పనుల్ని విడదీసేశారు కూడా. 2002లో వెళ్ళిన కల్పన-1 పూర్తిగా వాతావరణానిదే. ఇప్పటి ఇన్సాట్-3డిఆర్, 3డిఎస్ కూడా అంతే. టీవీలూ ఇంటర్నెట్టూ వేరే ఉపగ్రహాల పని. ఇంజనీరుగా నాకు ఇది సబబే అనిపిస్తుంది. కానీ ఆ మొదటి వంకర శరీరంలో, దాన్ని కట్టినవాళ్ళు అనుకున్నా అనుకోకపోయినా, ఒక నీతి ఉంది: చూసినదానికి చెప్పే బాధ్యత ఉంటుంది. చూడ్డానికి ఒప్పుకున్నావంటే చెప్పడానికీ ఒప్పుకున్నట్టే.

*

చెప్పడం ఎలా ఉండేదో చూద్దాం. ఎనభైల మధ్యలో మన కోస్తాలోనూ, తమిళనాడు ఉత్తర తీరంలోనూ కొన్ని పెట్టెలు పెట్టారు. తుఫాను హెచ్చరికల కోసం ఇన్సాట్ ఎస్-బ్యాండ్‌ని అందుకునే రిసీవర్లు. ఒక్కోదానికి ఒక్కో కోడ్. మద్రాసు తుఫాను కేంద్రం నుంచి ఏ జిల్లాలకి ప్రమాదమో ఆ జిల్లాల కోడ్ మాత్రమే పంపుతారు. ఆ పెట్టెలే మేలుకుంటాయి. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత స్థానిక భాషలో మాట వినిపిస్తుంది. మన తీరంలో అయితే తెలుగులో.

ఇదే ఉపగ్రహం, ఇదే ఎస్-బ్యాండ్, ఢిల్లీ నుంచి హిందీలో జాతీయ కార్యక్రమాన్ని దేశం మొత్తానికీ ఒకేలా పోసేది. అనకాపల్లిలో ఎవరికి అర్థమైందో, ఎవరు ఊరికే బొమ్మలు చూశారో దానికి అక్కర్లేదు. ఈ పెట్టెల విషయంలో మాత్రం అది ఎవరితో మాట్లాడాలో వాళ్ళతోనే, వాళ్ళ భాషలోనే మాట్లాడింది. జనానికి ప్రసారం చెయ్యడం ఒకటి, మనిషికి చెప్పడం మరొకటి. ఒకే యంత్రం రెండూ చేసింది.

ఫలితం? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. దాదాపు పదివేల మంది పోయారు. 1990 మే 9న దాదాపు అదే తీరాన, కృష్ణ ముఖద్వారం దగ్గర, అంతకు తక్కువేమీ కాని తుఫాను. ఈసారి పోయినవాళ్ళు వెయ్యికి కాస్త అటూ ఇటూ. లక్షకు మించిన జనాన్ని ముందే ఖాళీ చేయించారు. మధ్యలో వచ్చిన తేడా ఉపగ్రహమే అని చెప్పుకోవడం మా ఇంజనీర్లకి ఇష్టం. నేనూ చాలాసార్లు చెప్పాను. కానీ మధ్యలో కట్టిన తుఫాను షెల్టర్లున్నాయి, రోడ్లున్నాయి, బస్సులున్నాయి, 1977ని కళ్ళారా చూసి మర్చిపోని మనుషులున్నారు. పెట్టెలో సైరన్ మోగింది సర్కారు ఆఫీసుల్లో, పోలీసు స్టేషన్లలో. అక్కణ్ణుంచి గుడిసె దాకా వెళ్ళింది సైకిల్ మీద మనిషే, టముకు వేసిన మనిషే.

ఉపగ్రహం ఒక్కటే చాలదని 1996 నవంబరు 6 చెప్పింది. కాకినాడ దగ్గర చిన్నదిగా, వేగంగా ముదిరిన తుఫాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రంలో ఉన్న మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. పైన కన్ను ఉంది. చూసింది కూడా. సముద్రం మీద ఉన్నవాడి దగ్గర పెట్టె లేదు.

*

ఇప్పుడు ప్రశ్న. తుఫానులో మనిషి పోతే అది దురదృష్టమా, అన్యాయమా?

జుడిత్ ష్క్లార్ అనే రాజనీతి తత్వవేత్త, మన బందరు తుఫాను వచ్చిన 1990లోనే, 'ద ఫేసెస్ ఆఫ్ ఇన్‌జస్టిస్' అనే చిన్న పుస్తకం రాసింది. దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత ప్రకృతి గీసింది కాదని, మనం గీసుకున్నదని, అది జరుగుతూ ఉంటుందని ఆవిడ వాదన. దాన్ని మన తీరానికి తెచ్చుకుంటే ఇలా అనిపిస్తుంది: మా తాతల కాలంలో తుఫాను దైవఘటన. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. పైన ఒక కన్ను పెట్టిన రోజు నుంచి అది దైవఘటన కావడం మానేసింది. తెలిసే అవకాశం వచ్చాక తెలియకపోవడం అమాయకత్వం కాదు. తెలిశాక చెప్పకపోవడం అసలే కాదు. ప్రతి కొత్త కన్నూ ఆ గీతని కాస్త జరిపి, దురదృష్టం ఖాతాలోంచి కొంత భూమిని అన్యాయం ఖాతాలో వేస్తుంది.

అందుకేనేమో, పెద్ద సంస్థలకి తెలుసుకోవడం అంటే లోపల్లోపల ఒక భయం. మా రంగంలో దాన్ని దగ్గర్నుంచి చూశాను. ఏదైనా తేడా వస్తుందని ముందే తెలిస్తే అందరికీ మెయిల్ పెడతాం. నేను పనిచేసిన ఒకచోట, పాత సర్వీసు ఒకటి ఫలానా తేదీన ఆపేస్తున్నామని మూడు మెయిళ్ళు పంపాం. ఒక చిన్న కస్టమర్ అవి చూసుకోలేదు. ఆ తేదీన వాళ్ళ వ్యాపారం రెండు రోజులు ఆగిపోయింది. మీటింగులో మా జవాబు ఒక్కటే: "చెప్పాం కదా." మెయిల్ పంపిన టైముతో సహా చూపించాం. ఎవరూ తెరవలేదన్న లెక్క కూడా మా సిస్టంలోనే ఉంది. దాన్ని ఎవరూ చూపించలేదు. నేను కూడా.

చెప్పాం కదా. తెలుగులో ఇంతకంటే సుఖమైన మాట ఇంకోటి లేదు. డాక్టరు అంటాడు, బ్యాంకు అంటుంది, సర్కారు అంటుంది, కొడుకు అంటాడు. చెప్పినవాడి బాధ్యతని విన్నవాడి నెత్తికి ఎత్తేస్తుంది. వినిపించిందా, అర్థమైందా, విన్నా చేయగలిగింది ఏమైనా ఉందా అన్న మూడు ప్రశ్నల్నీ మింగేస్తుంది.

*

హెచ్చరిక గురించి ఆలోచించినప్పుడల్లా నాకు భారతంలో విదురుడు గుర్తొస్తాడు. వారణావతానికి బయల్దేరుతున్న ధర్మరాజుకి, నలుగురిలో ఉండగానే, పక్కవాళ్ళకి అర్థం కాని మాటల్లో లక్కయింటి సంగతి అందిస్తాడు. ఆ మాట ఎవరికి చేరాలో వాళ్ళకే చేరింది. మన కోస్తా పెట్టెల్లో కోడ్ చేసిన పని అదే.

కానీ విదురుడు గొప్పవాడైంది అక్కడ కాదు. పాండవులు వెళ్ళాక, సొరంగాలు తవ్వే మనిషిని ఒకణ్ణి వెతికి పంపిస్తాడు. వాడు వెళ్ళి, తనని విదురుడే పంపాడని గుర్తు చెప్పి, ఇంటి లోపల్నుంచి సొరంగం తవ్వుతాడు. నిప్పంటుకున్న రాత్రి వాళ్ళు బతికింది విదురుడి మాట వల్ల సగమైతే, ఆ సొరంగం వల్ల మిగతా సగం. మాట పంపి ఊరుకుని ఉంటే, విదురుడు కూడా తర్వాత సభలో "చెప్పాను కదా" అనుకోగలిగేవాడు. ధర్మరాజు జరగబోయేది తెలిసి కాలిపోయేవాడు. చోటు చూపించని హెచ్చరిక క్రూరమైనది. 1977కీ 1990కీ మధ్య కట్టిన షెల్టర్లు ఆ సొరంగాలు. ఉపగ్రహం విదురుడైతే, షెల్టర్‌కి ఇటుకలు మోసిన మేస్త్రీ ఆ తవ్వేవాడు. భారతం వాడికి పేరు పెట్టలేదు. మనమూ పెట్టలేదు.

ఇంతవరకే అయితే కథ బాగుంటుంది. ఆ రాత్రి లక్కయింట్లో ఇంకో ఆరుగురున్నారు. ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు. విందుకొచ్చి, తాగి, అక్కడే నిద్రపోయారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ శవాల్ని చూసే హస్తినలో పాండవులు పోయారనుకున్నారు. మహాశ్వేతాదేవి 'కుంతి ఓ నిషాది' కథలో ఆ ఇంటి కోడలు ఏళ్ళ తర్వాత అడవిలో కుంతికి ఎదురుపడుతుంది. అలాంటి ఎదురుపాటు భారతం రాయలేదు. రాయాల్సిన అవసరం దానికి కనపడలేదు.

విదురుడి తెలివైన భాషకి ఇది ఇంకో ముఖం. కోడ్ ఉన్నవాడికే వినిపించే సంకేతం, కోడ్ లేనివాడికి నిశ్శబ్దం. 1996లో పడవ మీద ఉన్నవాళ్ళకి నిశ్శబ్దం. 2014లో టీవీ లేని పాకలో ఇద్దరు ముసలివాళ్ళకి నిశ్శబ్దం. పైనుంచి చూసే కన్నుకి ఆ పాక కూడా కనపడింది. దాని రాత్రి బొమ్మలో ఒక చుక్క నాలుగు కిలోమీటర్లు. మా ఇల్లూ, పాకా రెండూ బహుశా ఒకే చుక్కలో ఉండి ఉంటాయి. వాటిని విడదీసింది ఉపగ్రహం కాదు. నేను.

*

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. నా స్నేహితుడొకడు నాతో వాదించాడు కూడా. "ఇలా అయితే బాధ్యతకి అంతెక్కడ? నువ్వు మీ నాన్నకి చెప్పావు. ఆయన పాకకి చెప్పాలి. ముసలాయన ఇంకెవరికో చెప్పాలి. నువ్వొక్కడివే అందరికీ చెప్పాలంటే పిచ్చెక్కుతుంది. పైగా చెప్పినా వినని వాళ్ళుంటారు. గొడ్లని వదిలి రామంటారు, ఇల్లు దోచేస్తారంటారు. లాక్కెళ్ళి షెల్టర్లో పడేస్తావా?"

నిజమే. వినకుండా ఉండే హక్కు మనిషికి ఉంది. నలభై తుఫాన్లు చూసిన ముసలాయన "ఇది పెద్దది కాదులే" అనుకోవచ్చు. అతని లెక్క తప్పొచ్చు, అయినా లెక్క అతనిదే. హెచ్చరించడమంటే అతని నిర్ణయం మనం తీసుకోవడం కాదు. అతను నిర్ణయించుకోగలిగేలా చెయ్యడం. కానీ వద్దనాలంటే ముందు వినాలి కదా. విని వద్దన్నవాడికీ, అసలు వినపడనివాడికీ మధ్య ఆకాశమంత తేడా ఉంది. మరణాల పట్టికలో ఇద్దరూ ఒకే గడిలో పడతారు. "హెచ్చరికలు జారీ చేసినా" అని మొదలయ్యే వార్త ఇద్దర్నీ కలిపేస్తుంది.

కాబట్టి నాకు తోచిన హద్దు ఇది. తెలిసినవాడి బాధ్యత పంపడంతో ముగియదు, అలాగని అవతలివాడి ప్రాణం చివరిదాకా సాగదు. అవతల్నుంచి "విన్నాను" అన్న మాట వచ్చేదాకా, వెళ్ళడానికి ఒక చోటు ఉందని తెలిసేదాకా సాగుతుంది. ఆ తర్వాత నిర్ణయం అతనిది. మా నెట్‌వర్కింగ్ పుస్తకాల్లో ఇది చాలా పాత సంగతి. పంపినది చేరిందని రసీదు రాకపోతే చేరలేదనే అనుకుని మళ్ళీ పంపాలి. ఒక కంప్యూటరు మరో కంప్యూటరు పట్ల చూపే ఈ కనీస మర్యాదని మనుషుల విషయంలో ఖర్చెక్కువని మానేశాం.

ఇది ఉత్త ఆదర్శం కాదనడానికి ఒక ఉదాహరణ. మత్స్యకారుల కోసం ఇస్రో ఒక ఆపద పరికరం చేసింది. 2010 నుంచి వాడుకలో ఉంది. సముద్రంలో పడవకి ప్రమాదం వస్తే మీట నొక్కాలి. ఎక్కడున్నారో ఉపగ్రహం మీదుగా చెన్నైలోని కోస్ట్ గార్డ్ కేంద్రానికి చేరుతుంది. మాట్లాడే దిక్కు తిరగబడిందన్న మాట: కిందివాడు చెప్తే పైవాడు వింటాడు. ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ దాంట్లో ఒక లోటుంది. మీట నొక్కినవాడికి ఆ కబురు చేరిందో లేదో తెలీదు. చీకట్లో, ఊగుతున్న పడవలో, ఎవరైనా విన్నారో లేదో తెలియకుండా ఎదురుచూడాలి. 2024 జనవరిలో ఇస్రో రెండో తరం పరికరాన్ని ప్రకటించింది. దాంట్లో జవాబు వస్తుంది. మీ కబురు అందింది, సాయం వస్తోంది అని. వాతావరణ హెచ్చరికలు కూడా పడవకి అందుతాయి. ఆ జవాబు వల్ల కోస్ట్ గార్డ్ ఓడ ఒక్క నిమిషం కూడా ముందు రాదు. అయినా పూడిమడక రేవులో ఏ మత్స్యకారుణ్ణైనా అడగండి, ఆ రెండు ముక్కల విలువెంతో.

ఒంటరితనం తగ్గించడం కూడా రక్షణే. విదురుడు పంపిన మనిషి మొదట చేసింది తవ్వడం కాదు, "నన్ను పంపింది ఆయనే" అని నమ్మకం చెప్పడం.

*

హుద్‌హుద్ అన్న పేరు పెట్టింది ఒమన్. తల మీద విసనకర్ర లాంటి పింఛం ఉండే పక్షి అది. ఖురాన్‌లో సులేమాన్ ప్రవక్తకి ఆయనకి తెలియని దేశం కబురు మోసుకొచ్చింది ఆ పక్షే. కబురు తెచ్చే పక్షి పేరుతో తుఫాను వచ్చి, మా ఊళ్ళో కబురు అందని చోట్లు ఎక్కడెక్కడున్నాయో చూపించి పోయింది.

మావ మళ్ళీ నడిచాడు, కర్రతో. ఆయన మనవడు సెల్ కొనిపెట్టాడు. 2023లో దేశమంతా దశలవారీగా ఫోన్లన్నీ ఒకేసారి గట్టిగా మోగించి చూశారు, గుర్తుందా? అత్యవసర హెచ్చరికల పరీక్ష అది. ఆ పెట్టెలోని సైరన్ ఇప్పుడు జేబులోకి వచ్చింది. దాని చప్పుడుకి ఆయన ఫోను కింద పడేశాడట. మంచి పనే అనుకున్నాను. ఇక ఎవరూ "నాకెవులు సెప్పినారు" అనక్కర్లేదు అనుకున్నాను.

ఆ డిసెంబరులో మిచాంగ్ వచ్చింది. అది బాపట్ల వైపు వెళ్ళింది గానీ మా వైపూ వానలు గట్టిగానే పడ్డాయి. అలవాటు ప్రకారం బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. ఈసారి మొదటి ఫోను మావకి.

"మావా, తుఫానంట. వాన ఎక్కువుంటుంది. ఆ పాత గోడ దగ్గర పడుకోకండి. ఇంటికొచ్చెయ్యండి ఇద్దరూ, నాన్నకి చెప్పాను."

"ఇన్నాను బాబూ."

ఆ ఒక్క మాట కోసం తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నట్టనిపించింది. ఫోను పెట్టెయ్యబోతుంటే మళ్ళీ అన్నాడు:

"బాబూ, గెడ్డ పక్కన ఇటికల బట్టీ పెట్టినారు కొత్తగా. ఒడిశా వోళ్ళు, పిల్లా పీచుతో వొచ్చినారు మొన్నే. ఆళ్ళ ఫోనుల్లో ఏటొస్తాదో, ఏ బాసలో వొస్తాదో. ఆళ్ళకెవులు సెప్తారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన కాసేపు చూసి, "సరే, నానే ఎల్తాన్లే" అన్నాడు. గొడుగు ఎక్కడుందని భార్యని అడుగుతుండగా ఫోను కట్టయ్యింది.